వాడే పూలతో ఒక బొమ్మ: పెత్రమాస నుంచి సద్దుల దాకా స్టిల్ లైఫ్ వేయడం ఎలా

బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాడు, అంటే పెత్రమాస నాడు, పొద్దున హన్మకొండలో మా ఇంటి అరుగు నిండా పూలే. తంగేడు కట్టలు, గునుగు, బంతి, పక్కింటివాళ్లు తెచ్చిచ్చిన నాలుగు గుమ్మడి పూలు. సాయంత్రం బతుకమ్మను పేర్చి గుడి దగ్గరికి ఎత్తుకుపోయేసరికి అరుగు మీద మిగిలినవి చాలావరకు తలలు వాల్చేస్తాయి. చీపురు తెచ్చి ఊడ్చేస్తాం. ఈసారి అన్నీ ఊడ్చేయకండి. పొద్దున్నే ఒక దోసెడు పక్కన పెట్టుకోండి. చివరి రోజైన సద్దుల దాకా తొమ్మిది రోజులున్నాయి. రోజుకు గంట, గంటన్నర కూర్చుంటే వాటితో ఒక మంచి స్టిల్ లైఫ్, అంటే కదలని వస్తువులను పేర్చి చూసి వేసే బొమ్మ, తయారవుతుంది.

వాడేవీ, ఆరిపోయేవీ, ఆగిపోయేవీ బల్ల మీద పేర్చి, మన బతుకూ ఇంతే అని గుర్తుచేసే ఈ రకం బొమ్మలకు వానిటాస్ అని పేరు. 17వ శతాబ్దంలో హాలెండ్‌లో, అందులోనూ లైడెన్ అనే యూనివర్సిటీ ఊళ్లో, వీటిని విరివిగా వేశారు. పేరు బైబిల్లోని ప్రసంగి గ్రంథం నుంచి వచ్చింది. తెలుగు బైబిల్లో 'సమస్తము వ్యర్థమే' అని ఉన్నచోట లాటిన్‌లో ఉండే మాట వానిటాస్. మనకు కొత్త సంగతేమీ కాదు. ఎంతమంది రాజులు పుట్టలేదు, సిరిని మూటగట్టుకుని పోయినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని బలి చక్రవర్తి చేత అడిగించిన పోతనది ఇక్కడికి దగ్గర్లోని బమ్మెరే.

ఆ బొమ్మల్లో మళ్లీ మళ్లీ కనిపించే వస్తువులు కొన్ని ఉన్నాయి. పుర్రె అంటే చావు. గడియారం అంటే కరిగిపోయే కాలం. నాణేలు, నగలు అంటే వెంట రాని సొమ్ము. ఒరిగిపోయిన గాజు గ్లాసు అంటే తాగి ముగించిన సుఖం. పుస్తకాలంటే చదువు, అదీ కాపాడదని. తీగ తెగిన వాయిద్యం, సబ్బు బుడగ, పురుగు పట్టిన పండు సంగతి మీకే తెలుస్తుంది. ఈ పట్టికను ఎక్కువసేపు పట్టుకుని కూర్చోకండి. నేను మొదటిసారి అదే తప్పు చేశాను. ఆన్‌లైన్లో ప్లాస్టిక్ పుర్రె, ఇసుక గడియారం తెప్పించి, పక్కన కొవ్వొత్తి పెట్టి శ్రద్ధగా వేశాను. చివరికి అది ట్రాన్స్‌ఫార్మర్ మీద తగిలించే డేంజర్ బోర్డులా వచ్చింది. ఆ బల్ల మీద నిజంగా పాడైపోయేది ఒక్కటీ లేదు. నెల రోజులు వేసినా అన్నీ అలాగే ఉన్నాయి.

అందుకే నా పద్ధతి ఇది: ముందు వాడేదాన్ని ముందు వేయాలి. బల్ల మీది వస్తువులు ఏ వరసలో పోతాయో మీ బ్రష్ అదే వరసలో నడవాలి. ఇలా వేస్తే గుర్తుల అర్థాలు బట్టీ పట్టాల్సిన పని ఉండదు. రెండో రోజుకే టెన్షన్ మొదలవుతుంది, ఆ టెన్షనే బొమ్మలోకి వస్తుంది.

ఏమేం పెట్టాలి

పుర్రె కొనకండి. శ్మశానం వైపు వెళ్లి ఎముకలు వెతికే పని అసలే వద్దు. దానికి బదులు ఎండిన ఆనిగెపుకాయ (సొరకాయ) బుర్ర సంపాదించండి. ఒకప్పుడు పొలం కాడికి నీళ్లు వీటిలోనే పోయేవి. ఇప్పటికీ ఊళ్లో పాత ఇళ్ల అటకల మీద ఒకటో రెండో ఉంటాయి. గుండ్రంగా, పసుపు కలిసిన గోధుమ రంగులో, అక్కడక్కడా మచ్చలతో, పైన మూతి దగ్గర నల్లటి రంధ్రంతో ఉంటుంది. పక్కకు పడుకోబెట్టి ఆ రంధ్రం మీ వైపు తిప్పి చూడండి. మన భాషలో తలకాయను బుర్ర అని ఊరికే అనలేదు.

సీతాఫలాలు రెండు. బతుకమ్మ రోజుల్లో రోడ్ల పక్కన గంపల్లో పెట్టి అమ్ముతుంటారు. ఒకటి గట్టి కాయ, ఒకటి కండ్లు విచ్చిన కాయ తీసుకోండి. మిలాన్‌లోని అంబ్రోసియానా మ్యూజియంలో ఉన్న ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో పండ్ల బుట్ట బొమ్మలో ఆపిల్‌కు పురుగు రంధ్రం, ఆకులకు ఎండు ముడతలు కనిపిస్తాయి. అన్నీ నిగనిగలాడుతుంటే అది పండ్ల దుకాణం ఫ్లెక్సీ అవుతుంది. మన సీతాఫలం ఆ పనిని ఆపిల్ కన్నా బాగా, తొందరగా చేస్తుంది.

పూలు: గుమ్మడి, తంగేడు, బంతి, గునుగు. వీటికి ఒక ఇత్తడి చెంబు. చింతపండుతో తోమకండి, నల్లబడ్డ చోట నల్లగానే ఉండనివ్వండి.

కీ ఇచ్చే పాత చేతి గడియారం ఉంటే చాలా మంచిది. నేను మా నాన్న హెచ్‌ఎంటీ జనతా పెట్టాను. ముందే కీ పూర్తిగా దిగిపోనివ్వండి. లేకపోతే మీరు డయల్ వేస్తుండగా ముళ్లు జరిగిపోతుంటాయి. డచ్ చిత్రకారుడు పీటర్ క్లాస్ 1630లో వేసిన వానిటాస్ ఒకటి హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. అందులో పుర్రె, ఒరిగిన గ్లాసుతో పాటు ఒక గడియారం ఉంటుంది. మ్యూజియం వెబ్‌సైట్‌లో బొమ్మను పెద్దది చేసుకుని ఒకసారి చూడండి. రంగులు దాదాపు గోధుమ, బూడిదే. అంత తక్కువ రంగుతో అంత పని ఎలా చేశాడో చూశాక మన ట్యూబుల పెట్టె మీద సగం మోజు పోతుంది.

సొమ్ము కోసం నాణేల కన్నా మంచిది రద్దయిన పాత ఐదువందల నోటు. 2016 నవంబర్ 8 రాత్రి దాకా దాని కోసం మనుషులు కొట్టుకున్నారు, మరునాటికి కాగితమైంది. డచ్ చిత్రకారులకు ఇంత మంచి వస్తువు దొరకలేదు. వాళ్లకు దొరికింది తులిప్ పువ్వు. 1637 ఫిబ్రవరిలో తులిప్ గడ్డల ధర ఒక్కసారిగా కూలిపోయాక ఆ పువ్వు అందం వాడిపోతుందనీ, డబ్బు వాడిపోతుందనీ రెండూ చెప్పడం మొదలుపెట్టింది. సద్దుల ముందు రోజు చామంతి ధర, మరునాటి ధర చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. అన్నట్టు, 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఆ పాత నోట్లు పదికి మించి దగ్గర ఉంచుకోకూడదు. మనకు ఒక్కటి చాలు, నాలుగు మడతలు పెట్టి బుర్ర కింద దోపండి.

ఇక దీపం. ఇక్కడ కొంచెం జాగ్రత్త. యూరప్ బొమ్మల్లో ఆరిన కొవ్వొత్తి మామూలు. మన ఇళ్లల్లో దీపం 'ఆరింది' అనే మాట కూడా అనం, 'కొండెక్కింది' అంటాం. అలాంటిది పండుగ రోజుల్లో ఆరిన దీపపు సెమ్మె బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంటే ఏమవుతుందో నాకు మొదటి రోజే తెలిసింది. అమ్మ గడపలో నిలబడి చూసింది. "ఏందిరా ఇది? మీ నాయిన గడియారం, ఆరిన దీపం, వాడిన పూలు... పండుగ పూట ఇంట్ల ఈ కొలువేంది? తీయ్ ముందుగాల" అంది. దీపం తీసేశాను, బల్ల వెనక అర్రలోకి మార్చాను, సెమ్మె స్థానంలో మసి పట్టిన కందిలి పెట్టాను. కందిలికి ఎవరూ దండం పెట్టరు కాబట్టి గొడవ లేదు. పైగా దాని చిమ్నీ మీది మసి వేయడానికి బాగుంటుంది. గడియారం మాత్రం తీయనివ్వలేదు నేను. ఆమె కూడా రెండోసారి అడగలేదు.

లెక్క పెరిగిపోతోంది కదా. ఫిలిప్ డి షాంపేన్ వేసినదని చెప్పే ఒక బొమ్మలో మూడే వస్తువులు: తులిప్, పుర్రె, ఇసుక గడియారం. మొదటిసారి వేసేవాళ్లు బుర్ర, సీతాఫలం, పూల చెంబు పెట్టుకుంటే చాలు.

బల్ల, కిటికీ

వెలుతురు ఒక్క వైపు నుంచే రావాలి. ఎడమ చేతి వైపు కిటికీ ఉండేలా బల్ల వేయండి. ఉత్తరం కిటికీ అయితే ఎండ నేరుగా పడదు, నీడలు పరుగెత్తవు. తూర్పు కిటికీ ఒక్కటే ఉంటే రోజూ ఒకే గంటలో కూర్చోండి. ట్యూబ్‌లైట్ ఆపేయండి. దాన్ని వెలిగిస్తే కిటికీ నీడ ఒకటి, లైటు నీడ ఒకటి పడి బల్లంతా గజిబిజి అవుతుంది. వెనక రంగు వెలిసిన బూడిద రంగు దుప్పటి వేలాడదీస్తే చాలు.

పేర్చేటప్పుడు ఒక వస్తువు బల్ల అంచు దాటి కొంచెం ముందుకు వచ్చేలా పెట్టండి. కత్తి పిడి, పళ్లెం అంచు, నిమ్మతొక్క ఇలా బల్ల దాటి వేలాడటం డచ్ బొమ్మల్లో తరచుగా కనిపిస్తుంది. పడిపోతుందేమో అనిపిస్తుంది, చూసేవాడి చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది. నేను వాలిపోయిన తంగేడు కొమ్మను అలా వదిలాను.

పేర్చాక ప్రతి వస్తువు చుట్టూ చాక్‌పీస్‌తో గీత గీయండి. ఇంట్లో ఎవరో ఒకరు బల్ల తుడుస్తారు. తప్పకుండా తుడుస్తారు.

రంగులు

తొమ్మిది రోజుల పని కాబట్టి త్వరగా ఆరే అక్రిలిక్ మంచిది. 12 అంగుళాలకు 16 అంగుళాల కాన్వాస్ బోర్డు, టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, క్రిమ్సన్, అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ అంబర్. నలుపు కొనకండి. అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ కలిపితే దానికన్నా మంచి నలుపు వస్తుంది. ముందు రోజు రాత్రే బోర్డు మొత్తానికి పలచటి బర్న్ట్ అంబర్ పూసి ఆరబెట్టుకోండి. తెల్ల బోర్డు మీద మొదలుపెడితే పూల రంగు ఎంత ఉండాలో అంచనా దొరకదు.

మొదటి రోజు: గుమ్మడి, తంగేడు

గుమ్మడి పువ్వుతో మొదలుపెట్టండి. తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ఎండ ఎక్కేసరికి ముడుచుకుపోతుంది. మీకున్నది ఒక గంట. వివరాలు వద్దు, ఆకారం, రంగు రెండూ దించేయండి.

తర్వాత తంగేడు. దగ్గరికి తీసుకుని చూడండి. ఐదు రేకులు, అంచులు నలిగిన పట్టు గుడ్డలా ముడతలు పడి ఉంటాయి. మధ్యలోంచి కేసరాలు వంకరగా బయటికి వస్తాయి, అన్నీ ఒకే పొడవు ఉండవు. వేసేటప్పుడు అందరూ చేసే తప్పు నీడ దగ్గర. పసుపుకు నలుపు కలిపితే నీడ రాదు, పాచి రంగు వస్తుంది. ఎల్లో ఓకర్‌లో క్రిమ్సన్, బ్లూ కలిపిన ఊదా చుక్క వేసి చూడండి, నీడ వెచ్చగా లోపలికి దిగుతుంది. వెలుతురు పడే రేకు మీద లెమన్ ఎల్లోలో కొంచెం తెలుపు.

రెండు గంటల్లో రేకులు ఒక్కొక్కటే కిందికి వంగుతాయి. కొన్ని రాలతాయి. రాలినవాటిని తీసేయకండి, అవి ఎక్కడ పడ్డాయో అక్కడే వేయండి. కొమ్మకు చివర్లో రేకుల్లేకుండా వంకర కేసరాలే మిగిలిన పువ్వు ఒకటి తప్పకుండా ఉంటుంది. నా బొమ్మలో మనుషులు ఎక్కువసేపు చూసేది దాన్నే.

పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు, పూల పండుగ మొదలయ్యే రోజు మనకు ఒకటే కావడం నాకు చాలా ఏళ్లు మామూలు సంగతిగానే అనిపించింది. ఈ కొమ్మను వేశాకే ఆగి ఆలోచించాను.

రెండు నుంచి ఐదు దాకా: సీతాఫలం, బంతి

సీతాఫలాన్ని వలలా గీతలు గీసి నింపకండి. ఒక్కో కన్ను ఒక చిన్న గుండు, దానికి సొంత వెలుతురు, సొంత నీడ ఉంటాయి. వెలుతురు వైపు ఏడెనిమిది కండ్లు శ్రద్ధగా వేయండి, నీడ వైపువి కలిసిపోనివ్వండి. మూడో రోజుకు పండిన కాయ పగులుతుంది. పగులు లోపల తెల్లటి గుజ్జు, పక్కన నల్లటి గింజ, తొక్క అంచున గోధుమ రంగు. ఈ మూడూ ఒక అంగుళంలో దొరుకుతాయి. ఆ అంగుళానికి ఒక పూట ఇవ్వండి.

చీమలు వస్తాయి. నేను మొదటిసారి లక్ష్మణరేఖ గీసి పెట్టాను. తెల్లారి చూస్తే పండు చుట్టూ చచ్చిన చీమల వరస, అది చూడబుద్ధి కాలేదు. బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టడమే మేలు. చిన్న ఈగలను మాత్రం ఆపలేరు. ఆపకండి కూడా. పండు మీద ఈగను వేయడం యూరప్ చిత్రకారులకు ఇష్టమైన చిలిపి పని. చూసేవాడు తోలబోవాలి. అసలు సైజులోనే వేసి, కింద సన్నటి నీడ గీత పెట్టండి. నీడ లేని ఈగ రంగు మరకలా ఉంటుంది.

బంతి మెల్లగా పోతుంది. మొదట కింది వరస రేకుల అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి, తర్వాత మెడ మెత్తబడి తల వంగుతుంది. పై భాగం అప్పటికీ పచ్చగానే ఉంటుంది. తల వంగిన రోజే వేయండి. ముందు తొందరపడితే అది పూలకొట్టు బంతి.

ఆరో రోజు

అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఇంటికి కొత్త పూలు రావు. మీరూ బ్రష్ పట్టకండి. ఐదు రోజుల కింద వేసిన తంగేడునూ, బల్ల మీద ఎండి ముడుచుకున్న తంగేడునూ పక్కపక్కన చూడండి. బొమ్మలో తాజా పువ్వు ఉంది, బల్ల మీద లేదు. ఇప్పుడు ఏది నిజం, ఏది ఉంచాలి అని అడుగుతారు చాలామంది. రెండూ ఉంచండి. తాజా కొమ్మను చెరపకుండా పక్కన ఎండినదాన్ని కూడా వేయండి.

ఇదేమీ మోసం కాదు. డచ్ పూల బొమ్మల్లో ఒకే కుండీలో వసంతంలో పూసేవీ, ఎండాకాలంలో పూసేవీ కలిసి ఉంటాయి. ఏ తోటలోనూ అవి ఒకే రోజు దొరకవు. యాన్ వాన్ హైసుమ్ పూలకుండీ బొమ్మ ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాని మీద 1736, 1737 రెండేళ్లూ రాసి ఉన్నాయి. ఏ పువ్వు ఎప్పుడు పూస్తే అప్పుడు వేశాడన్నమాట.

ఏడు, ఎనిమిది: చావనివి

బుర్ర, చెంబు, కందిలి, గడియారం ఎక్కడికీ పోవు కాబట్టి వీటికి చివరి రోజులు చాలు. బుర్రకు ఎల్లో ఓకర్, బర్న్ట్ అంబర్. రంధ్రాన్ని ఒకే నలుపుతో నింపకండి, అడుగున కొంచెం వెచ్చటి గోధుమ రంగు ఉంచితేనే లోపల ఖాళీ ఉందనిపిస్తుంది. చెంబు మీద మీ కిటికీ వంకరగా కనిపిస్తుంది, దాన్ని వేస్తే చెంబు గుండ్రంగా తిరుగుతుంది. గడియారం డయల్ మీద అంకెలన్నీ రాయాల్సిన పని లేదు. ముళ్లు సరైన చోట ఉంటే కన్ను మిగతాది నింపుకుంటుంది.

సబ్బు బుడగ వేయాలనుకుంటే ఎనిమిదో రోజు వేయండి. డచ్ చిత్రకారుడు జాక్ డి గైన్ 1603లో వేసిన వానిటాస్‌లో పుర్రె పైన పెద్ద బుడగ తేలుతుంటుంది. మనిషి నీటి బుడగ అనే మాట లాటిన్‌లోనూ ఉంది, మనకూ ఉంది. సబ్బు నీళ్లలో నాలుగు చుక్కల గ్లిజరిన్ వేస్తే బుడగ ఎక్కువసేపు నిలుస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసి చూడండి: కిటికీ రెండుసార్లు కనిపిస్తుంది. బుడగ ముందు భాగంలో నిలువుగా, వెనక గోడ మీద తలకిందులుగా. ఈ రెండో కిటికీని వేయకపోతే అది గాజు గోలీ అవుతుంది. పగిలే ముందు పైభాగం రంగులన్నీ పోయి నల్లగా మారుతుంది, సబ్బు నీళ్లు కిందికి జారి అక్కడ పొర పలచబడుతుంది కాబట్టి. అంచంతా గీత గీయకండి. సగం చోట్ల వెనక రంగులో కలిసిపోవాలి.

నోటు మీద గాంధీ బొమ్మ వేస్తూ కూర్చోవద్దు. రంగు, మడత చాలు.

సద్దుల నాడు

చివరగా నీడలు. అన్ని వస్తువుల నీడలూ ఒకే వైపు పడుతున్నాయో లేదో చూడండి. తొమ్మిది రోజుల పని కాబట్టి ఒకటో రెండో దారి తప్పి ఉంటాయి. పలచటి అంబర్ నీళ్లతో సరిచేయండి. తర్వాత సంతకం, కింద పెత్రమాస తేదీ, సద్దుల తేదీ రెండూ రాయండి.

ఇంటివాళ్లు బతుకమ్మను చెరువుకు తీసుకుపోయేలోపు బల్ల సర్దేయండి. కుళ్లిన సీతాఫలం, వాడిన పూలు బతుకమ్మలో కలపకండి, చెట్టు మొదట్లో వేయండి. గడియారం ఎవరిదో వాళ్లకిచ్చేయండి. మా అమ్మ దాన్ని తీసుకుని, నాతో ఏమీ అనకుండా కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని బీరువాలో పెట్టింది.

పూలు దొరకని నెలల్లో వేయాలంటే ఖిలా వరంగల్‌కు వెళ్లండి. నాలుగు తోరణాల మధ్య కూలిన గుడి రాళ్లు నేల మీదే పరచుకుని ఉంటాయి. రాతి పువ్వు, దాని పగుల్లో మొలిచిన గడ్డి పక్కపక్కనే దొరుకుతాయి. 1323లో కోట ఢిల్లీ సుల్తానుల చేతికి పోయింది. రాళ్లను కదపకుండా మీరే జరిగి కూర్చోండి, టోపీ, నీళ్లు మర్చిపోకండి.

బల్ల మీది గునుగు పారేయకండి. మిగతా పూలన్నీ పోయినా అది తొమ్మిది రోజుల తర్వాత కూడా దాదాపు మొదటి రోజులాగే ఉంటుంది. గులాబీ రంగు కొన కొంచెం వెలుస్తుంది, అంతే. అందుకే దాన్ని ఎప్పుడు వేయాలో నేను చెప్పలేదు, ఏ రోజు తీరిక దొరికితే ఆ రోజు వేసుకోండి. ఎండిన కంకిని తెల్ల కాగితం మీద తట్టి చూడండి. నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి. పొట్లం కట్టి దాచి, తొలకరికి పెరట్లో చల్లితే వచ్చే పెత్రమాసకు గునుగు కోసం చెరువు గట్టు దాకా పోయే పని తప్పుతుంది.